గిటారు ఆంప్లిఫయరు వేడెక్కుట: కారణములు, వాదములు, పరీక్షలు

గిటారు వాయించువారు ఆంప్లిఫయరును మరమ్మతునకు తెచ్చినపుడు చెప్పు ఫిర్యాదులలో "అరగంట వాయిస్తే చాలండీ, పైన చెయ్యి పెట్టలేకపోతున్నాం" అనునది మిక్కిలి సామాన్యమైనది. మిక్కిలి అస్పష్టమైనదియు అదియే. ధ్వని రాలేదన్నచో ఎక్కడో మార్గము తెగినదని, హమ్మింగు వచ్చుచున్నదన్నచో ఫిల్టరు కెపాసిటరులోనో, ఎర్తు కనెక్షనులోనో లోపము కలదని వెంటనే ఊహింపవచ్చును గాని, వేడెక్కుచున్నదన్న మాట నుండి అట్టి ఊహ ఏదియు పుట్టదు. ఏలయన, విద్యుత్తుతో పనిచేయు ప్రతి యంత్రమును కొంత వేడెక్కును. గిటారు ఆంప్లిఫయరు, అందును వాల్వులతో కట్టినది, మిగిలినవానికంటె మిక్కుటముగా వేడెక్కును. ఈ ప్రశ్నను గూర్చి విద్యుచ్ఛాస్త్రము చదివినవారును, దుకాణములలో సోల్డరింగు ఐరను పట్టినవారును, వేదికలెక్కి వాయించువారును చెప్పునవన్నియు కూర్చి చూచినచో ముఖ్యముగా మూడు మతములు కనబడును. ఫ్యాను పెట్టుమనువారు కొందరు. వాల్వులో ట్రాన్సిస్టరులో మార్చివేయుమనువారు కొందరు. అది దాని స్వభావము, ఊరకుండుమనువారు మరికొందరు. మూడింటిలోను కొంత సత్యము కలదు. కాని ఈ వేడి ఏ కరెంటు వలన పుట్టినది, ఆ కరెంటు అచ్చట ఉండదగినదేనా అను ప్రశ్న మూడింటిలోను లేదు. గోడలోని ప్లగ్గు నుండి ఎన్ని వాట్లు లోనికి వచ్చుచున్నవి, స్పీకరు ద్వారా ఎన్ని వెలికి పోవుచున్నవి, మిగిలినవి ఏ భాగము మీద పడుచున్నవి అని వర్తకుడు జమాఖర్చులు వ్రాసికొనునట్లు వ్రాసికొనిననే గాని ఈ రోగమునకు నిదానము కుదరదని నా అభిప్రాయము.

మొదట సహజమైన వేడి ఎంతయో తెలియవలెను. రెండు ఇ.ఎల్.34 వాల్వులు, మూడు ఇ.సి.సి.83 వాల్వులు గల 50 వాట్ల ఆంప్లిఫయరును ఉదాహరణగా తీసికొందము. కాలిన కాథోడు నుండి ఎలక్ట్రానులు వెలువడుటయే వాల్వునకు ప్రాణము గనుక, ప్రతి వాల్వులోను ఒక హీటరు ఎల్లప్పుడును ఎఱ్ఱగా కాలుచుండును. ఇ.ఎల్.34 హీటరు 6.3 వోల్టుల వద్ద 1.5 ఆంపియరులు, ఇ.సి.సి.83 హీటరు 0.3 ఆంపియరు తీసికొనును. ఐదింటికిని కలిపి దాదాపు 25 వాట్లు. ఇక అవుట్‌పుట్ వాల్వులు రెండును, ఒక్క స్వరమైనను పలుకక ఊరక నిలిచియున్నపుడు సైతము, ఒక్కొక్కటి 17 వాట్ల చొప్పున తమ ప్లేటుల మీద వేడిగా వ్యయపరచును. ట్రాన్స్‌ఫార్మరు నష్టములు కూడ చేర్చినచో మొత్తము 60 వాట్లు దాటును. తంత్రిని ముట్టక మునుపే ఆ పెట్టెలో ఇంత వేడి పుట్టుచున్నదని ఎఱిగినవారు వాల్వుల గాజు చేతికి అంటనీయకున్నందున భయపడరు. పెట్టె పైకప్పు వెచ్చగా ఉన్నందున దుకాణమునకు పరుగెత్తరు.

అయితే సహజమెంతవరకు, అసహజమెక్కడనుండి అను హద్దు ఏది? థర్మామీటరు లేనివారికి పెద్దలు చెప్పిన కొండగుర్తు ఒకటి కలదు: లోహము మీద వ్రేలు నిలిపి నాలుగైదు క్షణములైనను ఉంచలేకపోయినచో అచ్చటి ఉష్ణము 60 డిగ్రీల సెల్సియసు దరిదాపుల నున్నదని గ్రహింపవచ్చును. పవర్ ట్రాన్స్‌ఫార్మరునకు ఈ వేడి ప్రమాదము కాదు. చుట్టలోని ఇన్సులేషను, సాధారణమైన 'ఎ' తరగతిదైనను 105 డిగ్రీల వరకును, బి తరగతిది 130 డిగ్రీల వరకును ఓర్చుకొనును. కాని వార్నిషు కాలిన ఘాటైన వాసన వచ్చినను, ట్రాన్స్‌ఫార్మరు అంచుల నుండి మైనము వంటిది కారినను, ప్రమాదము ఇదివఱకే సంభవించినదని తెలిసికొనవలెను. ఇంతకంటెను విలువైన గుర్తు కాలము. స్విచ్చి వేసిన రెండు నిమిషములకే కాలెడి యంత్రము వేఱు, రెండు గంటలు వాయించిన తరువాత కాలెడి యంత్రము వేఱు. ఊరకున్నపుడే కాలునది వేఱు, గట్టిగా వాయించినపుడు మాత్రమే కాలునది వేఱు. ఈ రెండు భేదములను అడిగి తెలిసికొనక స్క్రూలు విప్పువాడు సగము పనిని చీకటిలో చేయుచున్నాడు.

వాల్వు ఆంప్లిఫయరుల చరిత్రలోనే ఈ వేడికి కొన్ని కారణములు దాగియున్నవి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్‌టన్‌లో ఫెండరు కంపెనీవారు కట్టిన కాంబోలలో చాసిస్‌ను పెట్టె పైభాగమున తలక్రిందుగా వ్రేలాడగట్టిరి. వాల్వులు క్రిందికి వ్రేలాడును. వేడిగాలి పైకెక్కుట ప్రకృతిధర్మము గనుక, ఆ వేడి సరాసరి చాసిస్‌కు, దానిలోని కెపాసిటరులకు తగులును. అటుపిమ్మట 1962లో లండనులోని హాన్‌వెల్‌లో దుకాణము నడపుచున్న డ్రమ్ముల వాద్యకారుడు జిమ్ మార్షల్, ఫెండరు వారి బాస్‌మన్ సర్క్యూటును మాతృకగా గైకొని జె.టి.ఎం.45ను కట్టించెను. పెట్టెను స్పీకర్ల నుండి వేఱుచేసి పైన పెట్టి, వాల్వులను నిటారుగా నిలుపు హెడ్డు పద్ధతిలో వేడిగాలి పై జాలీ నుండి తేలికగా వెలువడును. కొలదికాలమునకు బ్రిటనులో సులభముగా దొరకు ఇ.ఎల్.34 వాల్వులు ఆ కంపెనీ ఆంప్లిఫయరులకు నిలుకడయైనవి. ఇక వాక్స్ వారి ఏ.సి.30 కథ వింతయైనది. ఒక్కొక్కటి 12 వాట్ల పరిమితి గల ఇ.ఎల్.84 వాల్వులు నాలుగింటిని కాథోడు బయస్ పద్ధతిలో ఆ పరిమితికి మిక్కిలి చేరువగను, పెక్కు పర్యాయములు దానిని మించియు నడపుటచే, ఊరకున్నపుడే అది అంగుళమంగుళమును కాలుచుండును. షాడోస్ బృందమును, బీటిల్సును ఆ వేడినే భుజాన మోసికొని ఖ్యాతికెక్కిరి గనుక దానిని లోపమనువారు తక్కువ. కాని ఆ పెట్టె పై నున్న గాలి జాలీల మీద కవరు కప్పి, పైగా కోటు పఱచి వాయించువానికి షాడోస్ యొక్క దృష్టాంతము రక్షణ నీయదు.

సహజమైన వేడిని దాటి రోగము ప్రవేశించినపుడు వాల్వులలో కానవచ్చు ముఖ్యచిహ్నమును దుకాణములవారు "ప్లేటు ఎఱ్ఱబడింది" అందురు. గది దీపములార్పి వెనుకనుండి చూచినచో హీటరు యొక్క నారింజవన్నె వెలుగు వాల్వు మొదటను, చివరను సన్నగా కానవచ్చును, అది సహజము. అట్లుగాక మధ్యనున్న బూడిదరంగు ప్లేటు మీదనే, తరచుగా దాని అతుకు వెంబడి, మసక ఎఱుపు మచ్చ ఒకటి పుట్టి, చూచుచుండగనే వెడల్పై, ప్రక్కకు ప్రాకినచో ఆ వాల్వు తన 25 వాట్ల పరిమితిని ఎన్నడో దాటినదన్నమాట. ఆ క్షణముననే స్విచ్చి తీయవలెను. ఒక్క నిమిషము ఉపేక్షించినచో వాల్వుతోబాటు స్క్రీను రెసిస్టరును, అదృష్టము బాగులేనిచో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును పోవును.

ఈ ఎఱుపునకు మూలము తొంబది పాళ్లు బయస్ లోనే యుండును. ఫిక్స్‌డ్ బయస్ ఆంప్లిఫయరులో వాల్వు గ్రిడ్డునకు ఋణ వోల్టేజి నొకదానిని ఎల్లప్పుడును ఇచ్చుచు, ఎలక్ట్రానుల ప్రవాహమును అదుపులో నుంచుదురు. ఇ.ఎల్.34 జంటకు ప్లేటు వోల్టేజి 450 ఉన్నపుడు ఇది మైనస్ 38 వోల్టుల చుట్టుప్రక్కల నుండును. ఆ ఋణ వోల్టేజిని తయారుచేయు చిన్న డయోడు చెడినను, దాని ప్రక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఎండిపోయినను, బయస్ పాట్ లోని జారుడు ముక్క అంటీముట్టక నిలిచినను అదుపు తొలగిపోయి, వాల్వులు రెండును కలసి ఎఱ్ఱబడును. ఒక్క వాల్వే ఎఱ్ఱబడినచో వెదకవలసిన చోటు వేఱు. వాల్వులను అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూడవలెను. ఎఱుపు వాల్వుతో కూడ కదలినచో లోపము వాల్వుది, సాకెట్టు నొద్దనే నిలిచినచో లోపము సర్క్యూటుది. ఇంత తేలికగా ఇంత స్పష్టమైన సమాధానమిచ్చు పరీక్ష ఈ విద్యలో మఱొకటి లేదు. దీనిని చేయక క్రొత్త జత కొనిపించి, అదియు ఎఱ్ఱబడిన పిమ్మట తలగోకికొనువారు లేకపోలేదు.

లోపము సర్క్యూటుదని తేలినపుడు అనుమానింపవలసిన మొదటి ముద్దాయి కప్లింగు కెపాసిటరు. ముందు దశలోని రెండు మూడు వందల వోల్టుల డి.సి.ని ఆపి, సంగీతమును మాత్రమే గ్రిడ్డునకు అందించుట దాని పని. ఏండ్లు గడచిన పిదప అది కొద్దిగా లీకైనచో, గ్రిడ్డు మీది మైనస్ 38 కాస్త మైనస్ 30గను, మైనస్ 25గను దిగజారును. వాల్వును సాకెట్టు నుండి తీసి, గ్రిడ్డు పిన్ను, అనగా ఇ.ఎల్.34లో 5వ పిన్ను వద్ద మల్టీమీటరుతో కొలిచి, రెండు సాకెట్లను పోల్చినచో ఈ దొంగ బయటపడును. చల్లగా నున్నపుడు మంచిగా కొలతకు వచ్చి, వేడెక్కిన తరువాత మాత్రమే లీకగు కెపాసిటరులును కలవు గనుక ఈ కొలతను అరగంట నడపిన పిదప మఱల తీసికొనుట యుక్తము.

బయస్ ఎంత ఉండవలెనను విషయమున వాదములకు అంతులేదు. వాల్వు పరిమితిలో 70 శాతము మించరాదనునది దుకాణములలో వ్యాపించిన సూత్రము. లెక్కకు, 25 వాట్లలో 70 శాతము 17.5 వాట్లు, దానిని 450 వోల్టులతో భాగించినచో వాల్వు ఒక్కింటికి 39 మిల్లీ ఆంపియరులు. కాథోడునకు 1 ఓము రెసిస్టరును చేర్చి కొలిచినచో ప్రతి మిల్లీ వోల్టును ఒక మిల్లీ ఆంపియరునకు సరియగును. స్క్రీను కరెంటు కూడ అందు కలసియుండునని మాత్రము మఱువరాదు. పెక్కురు ఈ 70 శాతమును చేరవలసిన గమ్యముగా భావింతురు. నిజమునకు అది దాటరాని గట్టు. 60 శాతము వద్ద శబ్దము సన్నబడునని చెప్పువారి చెవులను నేను కాదనను గాని, కండ్లు మూసికొనియున్న శ్రోతకు 60కిని 70కిని భేదము తెలియుట అరుదు. వాల్వు ఆయుర్దాయమునకు మాత్రము ఆ భేదము నిశ్చయముగా తెలియును. చైత్రమునుండి జ్యేష్ఠమువరకు కోస్తాలోను, తెలంగాణములోను పందిళ్లక్రింద వాయించువారు 60 వద్ద ఆగుటయే మేలు.

పాతకాలపు వాల్వులు వేడిని ఎక్కువగా ఓర్చుకొనెడివనునది మఱొక వాదము. మన బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1960ల దశకమున చేసిన వాల్వులను కూడ ఈ భక్తులు పెట్టెలలో దాచుకొందురు. నేడు వాల్వులు ప్రధానముగా స్లొవేకియాలోని చాద్‌సా నుండియు, రష్యాలోని సరాతోవ్ నుండియు, చైనా నుండియు వచ్చుచున్నవి. పాతవి గట్టివనుటలో అసత్యము లేకపోవచ్చును. కాని మైనస్ 38 రావలసినచోట మైనస్ 25 వచ్చినచో ఏ దేశపు వాల్వైనను ఎఱ్ఱబడును.

ఇక గోడలోని ప్లగ్గు. ఈ అధ్యాయమును తేలికగా దాటవేయువారే ఎక్కువ; నా దృష్టిలో తెలుగు దేశమున ఇదియే ముఖ్యము. మన సప్లయి 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అమెరికాలోనున్న బంధువులు తెచ్చియిచ్చిన ఆంప్లిఫయరు 120 వోల్టులు, 60 హెర్ట్జులకు చేసినది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలించినచో వోల్టేజి సరిపడును గాని ఫ్రీక్వెన్సీ మాఱదు. ట్రాన్స్‌ఫార్మరు ఇనుములోని అయస్కాంత ప్రవాహము వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగించిన నిష్పత్తిని అనుసరించును గనుక, 60 నుండి 50కి దిగినచో అది 20 శాతము పెరుగును. ఉదారముగా ఇనుము వేసిన ట్రాన్స్‌ఫార్మరు దీనిని భరించును. పిసినారితనముగా కేవలము 60 హెర్ట్జులకే లెక్కగట్టినదైనచో ఇనుము సంతృప్తమై, ప్రైమరీ చుట్టలో కరెంటు కట్టలు తెంచుకొనును. అట్టి యంత్రములో ఫ్యూజు పోదు, వాల్వులు ఎఱ్ఱబడవు, ధ్వనిలో దోషముండదు. ట్రాన్స్‌ఫార్మరు మాత్రము సన్నగా జుమ్ముమనుచు కాలుచుండును. అన్ని వాల్వులను తీసివేసి నడపినను కాలుచున్నచో అనుమానము నివృత్తియగును.

పల్లెలలో రాత్రి ప్రొద్దుపోయిన పిదప లోడు తగ్గి వోల్టేజి ఎగబాకుట అందఱికిని అనుభవమే. 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మరునకు 245 అందినచో హీటరుల 6.3 వోల్టులు 7 అగును. ప్లేటు వోల్టేజియు అదే పాలున, అనగా 11 శాతము పెరుగును. పెండ్లి పందిళ్లలోని డీజిల్ జనరేటరు ఇందుకు విరుద్ధమైన తంటా తెచ్చును: దీపములన్నియు ఒక్కమాఱు వేసినపుడు ఇంజను వేగము జాఱి ఫ్రీక్వెన్సీ తగ్గును, వోల్టేజిని మాత్రము రెగ్యులేటరు నిలుపజూచును. నిష్పత్తి మఱల పెరిగినది గదా! దుకాణములో నిక్షేపముగా పనిచేసి ఊరేగింపులో మాత్రము కాలెడి ఆంప్లిఫయరుల రహస్యము పెక్కుమాఱులు ఇదియే. పనివాడు వోల్టేజి కొలుచును. ఫ్రీక్వెన్సీ చూపు మల్టీమీటరు చేతనుండగనే ఆ బొత్తామును త్రిప్పడు.

స్పీకరు వైపు జరుగు పొరపాట్లను గూర్చి అందఱును వ్రాసియున్నారు గనుక సంగ్రహముగా చెప్పెదను. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరునకు 8 ఓములు కనీసమని వ్రాసియున్నచో 8 ఓముల పెట్టెలు రెండు సమాంతరముగా కలుపరాదు. 4 ఓములై కరెంటు ఇబ్బడియగును. వాల్వు ఆంప్లిఫయరునకు స్పీకరే లేకుండ గట్టిగా వాయించుట ప్రాణాంతకము. మల్టీమీటరుతో కొలిచినపుడు 8 ఓముల స్పీకరు ఆరేడు ఓములు చూపుట సహజము గనుక దానిని చూచి కలత చెందనక్కరలేదు. గిటారునకు వాడు సన్నని షీల్డు కేబులునే స్పీకరునకు వాడుట మాత్రము చిన్న తప్పుగా కనబడి పెద్ద నష్టము చేయును. అది మధ్యమధ్య తెగుచు, కలియుచు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరునకు చేటు తెచ్చును.

ట్రాన్సిస్టరుల లోకమునకు వచ్చునప్పటికి వేడి యొక్క స్వభావమే మాఱిపోవును. సిలికాను ట్రాన్సిస్టరు బేసు, ఎమిటరుల నడుమ వోల్టేజి ఒక్కొక్క డిగ్రీ వేడికి రెండేసి మిల్లీ వోల్టుల చొప్పున తగ్గును; బయస్ మాఱక నిలిచినచో కరెంటు పెరుగును; కరెంటు పెరిగినచో వేడి పెరుగును; వేడి పెరిగినచో కరెంటు మఱల పెరుగును. ఈ విషవలయమునకు థర్మల్ రనవే అని పేరు. దీనిని అరికట్టుటకై మఱొక చిన్న ట్రాన్సిస్టరును అదే హీట్ సింకునకు బిగించి, పెద్దవాని వేడిని అనుసరించి బయస్‌ను తగ్గించు ఏర్పాటు చేసిరి. మరమ్మతు చేసినవాడు ఈ చిన్న ట్రాన్సిస్టరును హీట్ సింకునకు తగిలించుట మఱచి గాలిలో వ్రేలాడవిడిచినచో, బల్లమీద ఐదు నిమిషముల పరీక్షలో గెలిచిన ఆంప్లిఫయరు వేదికమీద అరగంటకు కాలిపోవును. 1966లో ఫెండరు వారు విడుదల చేసిన ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులు తరచు చెడిపోవుచు అపకీర్తి తెచ్చుకొని, ట్రాన్సిస్టరు నమ్మదగినది కాదను అభిప్రాయమును గిటారిస్టులలో నాటినవి. 1975లో రోలండ్ వారి జె.సి.120 వచ్చి నిలిచిన తరువాతగాని ఆ అపవాదు కొంత తొలగలేదు.

హీట్ సింకు లెక్కను ఒకసారి దగ్గఱగా చూతము. 2ఎన్3055 అను సుప్రసిద్ధ ట్రాన్సిస్టరు లోపలి సిలికాను ముక్క నుండి వెలుపలి లోహపు తొడుగు వరకు వేడి ప్రవహించుటకు గల అడ్డు వాటు ఒక్కింటికి 1.5 డిగ్రీలు. తొడుగునకును హీట్ సింకునకును నడుమ మైకా బిళ్ల, దాని రెండువైపుల తెల్లని కాంపౌండు ఉన్నచో మఱొక అర డిగ్రీ. హీట్ సింకు నుండి గాలికి ఒక డిగ్రీ అనుకొందము. మొత్తము మూడు. ట్రాన్సిస్టరు 25 వాట్లు ఖర్చు చేయుచున్నచో సిలికాను ముక్క గాలికంటె 75 డిగ్రీలు పైన నుండును. లండను గదిలో గాలి 25 డిగ్రీలైనచో నూఱు. వేసవి విజయవాడలో 45 అయినచో నూటఇరువది. మూసిన పెట్టెలో లోపలి గాలియే 65కు చేరినచో నూటనలువది. ఇంతవరకును 200 డిగ్రీల పరిమితికి లోబడియే యున్నది. ఇప్పుడు మైకా నడుమ కాంపౌండు లేదనుకొనుడు. అడ్డు ఒక్క డిగ్రీ పెరిగినను 25 డిగ్రీలు పైన పడినట్లే. పాత ఆంప్లిఫయరు విప్పి ఆ ట్రాన్సిస్టరును ఊడదీసినచో కాంపౌండు ఎండి సున్నమువలె పొడిరాలి, మైకాకు మధ్య లోహము మెఱయుచు కానవచ్చును. దానిని స్పిరిటుతో తుడిచి, పలుచగా, మైకా కనబడునంత పలుచగా క్రొత్త కాంపౌండు పూయవలెను. దట్టముగా పూయుట మేలనుకొనుట తప్పు. లోహము మైకాకు అతుకదగినచోట మందపు పొర కూడ అడ్డే.

ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులలో మఱొక విచిత్రము కలదు. పూర్తి బలముతో వాయించినపుడే ఎక్కువ కాలునని లోకులు తలంతురు. 100 వాట్ల ఆదర్శమైన క్లాస్ బి ఆంప్లిఫయరు పూర్తి బలముతో పలుకునపుడు 27 వాట్లు వేడిగా పోవును. 40 వాట్లతో పలుకునపుడు వేడి కూడ 40 వాట్లగును. మధ్యమ స్థాయిలో గంటల తరబడి భజనలకో, చర్చి కీర్తనలకో తోడు వాయించు ఆంప్లిఫయరు రాక్ బృందపుదానికంటె ఎక్కువ కాలుటలో ఆశ్చర్యము లేదు. ఇచ్చట ఊరక నుండుమను మూడవ మతమువారి పక్షము నేను వహింతును, హీట్ సింకు సరిగా నుండి, గాలి ఆడుచున్నచో.

వేడికి ధ్వని సాక్ష్యము లేని సందర్భము ఒకటి మిక్కిలి మోసకారి. ఆంప్లిఫయరు చెవికందని ఉన్నత ఫ్రీక్వెన్సీలో తనంతతాను కంపించుచుండును. వాయిద్యము మూగగా నున్నను ట్రాన్సిస్టరులు మండుచుండును. దీనికి జాడ అవుట్‌పుట్ వద్దనున్న జోబెల్ జంటలో దొరకును: 10 ఓముల రెసిస్టరు ఒకటి, 0.1 మైక్రోఫారడు కెపాసిటరు ఒకటి. సంగీతపు ఫ్రీక్వెన్సీలలో ఆ రెసిస్టరులో చెప్పదగిన కరెంటు పోదు. చల్లగా, రంగుపట్టెలు స్ఫుటముగా నుండవలెను. దాని గోధుమరంగు పట్టె నల్లబడి, క్రింది బోర్డు మాడి, తాకినచో పెంకు రాలినచో, ఆంప్లిఫయరు ఎప్పుడో కంపించినదని వేఱే సాక్షి అక్కరలేదు. ఆసిలోస్కోపు లేని దుకాణమునకు ఈ పదిపైసల రెసిస్టరే ఆసిలోస్కోపు. కారణము పలువిధములు: అవుట్‌పుట్ తీగె ఇన్‌పుట్ తీగెను రాసికొనిపోవుట, ఎర్తు సోల్డరు విడుట, మార్చిన ట్రాన్సిస్టరు పాతదానికంటె వేగవంతమైనదగుట. కోఠి గుజరాతీ గల్లీలోగాని, చెన్నై రిచీ స్ట్రీటులోగాని ఒకే నంబరుతో పదిరకముల ట్రాన్సిస్టరులు దొరకును. నంబరొకటే యైనను లోపలి ముక్కలు వేఱు కావచ్చును. ప్రపంచమునందలి ఏ బజారులోనైనను నకిలీ పవర్ ట్రాన్సిస్టరు లోపల తరచుగా చిన్న సిలికాను ముక్కనే దాచియుండును.

కెపాసిటరుల విషయము ఒక్క మాటతో చాలును. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు వేడికి కారణము కంటె వేడికి బాధితుడు. పది డిగ్రీల వేడి తగ్గినచో దాని ఆయుర్దాయము రెట్టింపగునని స్థూలసూత్రము. 85 డిగ్రీలవాని స్థానమున 105 డిగ్రీలవానిని వేయుట వ్యయమునకు తగిన జాగ్రత్త.

ఇక ఫ్యాను. దీనిని నేను ద్వేషింపను. వాల్వుల మీదికి మెల్లగా గాలి విసరినచో గాజు చల్లబడును, చాసిస్ లోని భాగములు దీర్ఘకాలము నిలుచును. నా అభ్యంతరమెల్ల కారణము తెలియక ముందే ఫ్యాను తగిలించుట గూర్చియే. బయస్ జాఱిన వాల్వునకు ఫ్యాను పెట్టినచో ఎఱుపు కొంచెము ఆలస్యముగా వచ్చును. కంపించు ట్రాన్సిస్టరునకు పెట్టినచో రెండు నెలలు గడచును. ఈ లోపల లోపము మఱి నాలుగు భాగములను ఈడ్చుకొనిపోవును. ఫ్యూజు స్థానమున లావుపాటి రాగితీగె చుట్టువాని బుద్ధియు, అప్పుడే ఫ్యాను బిగించువాని బుద్ధియు ఒక్క తల్లి బిడ్డలే. ఇప్పటికే ఫ్యాను గల యంత్రములలో మాత్రము మొదట చూడవలసినది దానినే: రెక్కలకు దూది పట్టి, బేరింగు బిగిసి, అది ఎన్నినాళ్లుగా నిలిచిపోయియున్నదో యజమానికి తెలియదు.

తెలిసి చేయు వేడిని గూర్చియు ఒక మాట. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన మార్షల్ ఆంప్లిఫయరునకు వేరియాక్, అనగా వోల్టేజిని పెంచి తగ్గింపదగిన ట్రాన్స్‌ఫార్మరు, తగిలించి సప్లయిని 90 వోల్టుల దాపునకు దించి వాయించెడివాడు. దానిని తలక్రిందు చేసి, అతడు 140 వోల్టులకు పెంచెననెడి ప్రచారము గిటారిస్టులలో పుట్టి, నమ్మి అట్లు చేసినవారి ఆంప్లిఫయరులు బలియైనవి. స్పీకరునకును ఆంప్లిఫయరునకును నడుమ అటెన్యుయేటరు పెట్టి ఇంటిలో పూర్తి బలముతో వాయించువారు చేయుచున్నదియు వేడి కొనుటయే. శబ్దము చిన్నదైనంతమాత్రమున వాల్వుల శ్రమ చిన్నది కాదు.

పరీక్షాక్రమము చెప్పుచు ముందుగా హెచ్చరింపవలసినది ప్రాణరక్షణ. వాల్వు ఆంప్లిఫయరులో ప్లగ్గు పీకిన తరువాత సైతము ఫిల్టరు కెపాసిటరులలో 450 వోల్టులు నిలిచియుండవచ్చును. వానిని 10 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టరు ద్వారా దింపి, మీటరుతో సున్నాయని చూచుకొనిన పిదపగాని చేయి పెట్టరాదు. స్క్రూడ్రైవరుతో షార్టు చేయుట వీరత్వము కాదు. ఆ తరువాత మన మెకానికుల చిరకాల మిత్రమగు సీరీస్ బల్బు. 60 లేక 100 వాట్ల ఫిలమెంటు బల్బును సప్లయికి వరుసగా కలిపి స్విచ్చి వేసినచో, ఆరోగ్యమైన ఆంప్లిఫయరునకు బల్బు ఒక్కసారి మెఱిసి మసకబాఱును. షార్టు ఉన్నచో నిండుగా వెలిగి నిలుచును. ఎల్.ఈ.డి. బల్బు ఈ పనికి నిరుపయోగము గనుక, ఫిలమెంటు బల్బులు అరుదగుచున్న ఈ కాలమున తెలివైనవారు నాలుగింటిని అటక మీద దాచుకొనుచున్నారు. వాల్వులన్నియు తీసి మొదటి పరీక్ష. అప్పటికిని వెలిగినచో రెక్టిఫయరో, ట్రాన్స్‌ఫార్మరో దోషి. ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ తీగెలు విప్పినను వెలుగుచున్నచో దాని చుట్టలే షార్టైనవి. ట్రాన్సిస్టరు యంత్రమునకు స్పీకరు తీసి, అవుట్‌పుట్ వద్ద డి.సి. కొలువవలెను; కొన్ని మిల్లీ వోల్టులు ఉండదగును, 35 వోల్టులున్నచో ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టైనది. ఆ స్థితిలో 8 ఓముల స్పీకరు తగిలించువాడు 150 వాట్లకు పైగా వేడిని దాని చుట్టలో పోయుచున్నాడు.

మరమ్మతు ముగిసిన పిదప పరీక్ష బల్లమీద, మూత తీసియున్నపుడు జరుగుట సర్వసాధారణము. ఆ పరీక్షకు విలువ తక్కువ. చాసిస్‌ను పెట్టెలో బిగించి, వెనుక పలక మూసి, స్పీకరునకు బదులు తగిన వాట్ల రెసిస్టరు లోడు తగిలించి, పూర్తి బలములో 40 శాతము వద్ద రెండు గంటలు నడపవలెను. పది పది నిమిషములకు హీట్ సింకు లేక ట్రాన్స్‌ఫార్మరు వేడిని, సప్లయి నుండి వచ్చు కరెంటును ఒక కాగితము మీద వ్రాయవలెను. మొదటి గంటలో అంకెలు ఎక్కుచుండును. రెండవ గంటలో సమముగా నిలువవలెను. వేడి నిలిచి కరెంటు మాత్రము ఎక్కుచున్నచో బయస్ ఇంకను జాఱుచున్నదని గ్రహించి మఱల మూత తీయవలెను. రెండును నిలిచినచో యజమానిని పిలిపించి ఆ కాగితమును కూడ చేతికీయవలెను. వచ్చే వేసవిలో మఱల వేడి అనుచు వచ్చినపుడు పోల్చుకొనుటకు ఆ అంకెలే ఆధారమగును.